మేడమ్ ఆగినప్పుడు

టీవీలో ఎవరైనా మాట్లాడుతూ ఉన్నట్టుండి ఆగిపోతే, ఇక ఏడుపు సీను వస్తుందని ఇంట్లో అందరూ ముందుకు జరుగుతారు. నాకు మాత్రం అరచేతులకు చెమట పడుతుంది. అది చూసి మా కోడలు నవ్వుతుంది. మామ దుబాయ్‌లో టైలర్‌గా పని చేశాడని ఆమెకు తెలుసు. మాట ఆగిపోవడంతో టైలర్‌కేం సంబంధం అని అడుగుతుంది. అప్పట్లో నేనూ అదే అడిగాను, అడగవలసిన వాళ్లందరినీ. ఒక్కరూ జవాబు చెప్పలేదు.

గల్ఫ్‌కు పోతూ సలహా కోసం నా దగ్గరికి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. వీసాలో ఏ పని రాసి ఉందో ఆ పనే చేయండి. ఇంకో పని కూడా వచ్చని ఎవరికీ తెలియనివ్వకండి. తెలిస్తే అదీ మీ నెత్తిన పెడతారు. పెట్టినవాళ్లే తర్వాత మిమ్మల్ని తిడతారు. నా వీసాలో టైలర్ అని మాత్రమే ఉండేది.

నేను పని చేసింది ఒక పెద్ద హోటల్లో. లాండ్రీ పక్కన చిన్న గది, రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల. వెయిటర్ల కోట్లు, డ్రైవర్ల ప్యాంట్లు, గదుల కర్టెన్లు అన్నీ నా దగ్గరికే వచ్చేవి. చలికాలంలో ఇంగ్లండ్ నుంచి నాటక బృందాలు దిగేవి. పెద్ద హాల్లో అతిథులు బల్లల దగ్గర భోజనం చేస్తారు, పళ్లేలు తీసేశాక నాటకం చూస్తారు. వేషాల బట్టలు విమానంలో నలిగిపోయి, లేదా వేసుకునేవాళ్లకు ఒళ్లొచ్చి బిగుతైపోయి, నా గదికి చేరేవి. నాటకాల బట్టలు ముట్టుకుంటాడని మసీదులో ఒకరిద్దరు నన్ను ఎత్తిపొడిచేవారు. చిరిగిన బట్ట కుట్టడం హరామని ఎక్కడా లేదు కదా అని నేను ఊరుకునేవాణ్ణి.

రెండు వేల ఐదు చలికాలంలో వచ్చిన బృందానికి ఆవిడ పెద్ద నటి. డెబ్బైకి దగ్గరపడిన మనిషి. తలుపు తట్టకుండా లోపలికి వచ్చి, భుజం మీద ఉన్న గౌను తీసి నా బల్ల మీద పడేసింది.

"డార్లింగ్, ఇది నన్ను చంపేస్తోంది. నడుం దగ్గర కాస్త వదులు చెయ్యి."

ఎవరిని పిలుస్తోందోనని నేను వెనక్కి తిరిగి చూశాను. వెనక గోడ తప్ప ఎవరూ లేరు. ఇరవై ఏళ్లు కాపురం చేసిన నా భార్య కూడా నన్ను అలా పిలిచి ఎరగదు. ఆవిడ అందరినీ అలాగే పిలుస్తుందనీ, లిఫ్టు ఆలస్యమైతే లిఫ్టును కూడా అలాగే బతిమాలుతుందనీ తర్వాత తెలిసింది. తెలిసినంత మాత్రాన చిరాకు తగ్గలేదు. ఒక శుక్రవారం ఆవిడ లేసు కొనడానికి బర్ దుబాయ్ బట్టల బజారుకు వచ్చింది. మా చాచా పని చేసే దుకాణం ముందే నేను కనిపించాను. బజారంతా వినేలా డార్లింగ్ అని కేక వేసింది.

చాచా అంటే నా సొంత చిన్నాన్న కాదు. మా కడప వైపు మనిషి. ఒకే ఫ్లాటులో ఉండేవాళ్లం. వయసులో పెద్ద, గదిలో నమాజు ఆయనే చేయించేవాడు. ఆవిడ లేసు కొలిపించుకుని వెళ్లిపోయేదాకా గజం కర్ర పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"ఈమె నీకు ఏమవుతుంది రా?"

"ఏం కాదు చాచా. నాటకం ఆమె."

"నాటకం ఆమెదా, నీదా?"

వారం రోజులు ఫ్లాటులో నా పేరు డార్లింగే.

ఇంతకీ నా నెత్తిన పడిన అసలు పని ఇది. ఆవిడ నాటకం పాఠం అప్పజెప్పుకోవడానికి నా గదికి వచ్చేది. ఇస్త్రీ పెట్టె ఆవిరి వాసన ఆవిడకు ఇష్టమట. వాళ్ల ఊరు సముద్రం పక్కన. అక్కడి నాటకశాలలో వాళ్లమ్మ బట్టలు ఇస్త్రీ చేసేదట. పదహారేళ్లప్పుడు అదే నాటకశాలలో చేరి, వారానికొక కొత్త నాటకం ఆడిందట. పొద్దున వచ్చే వారం పాఠం నేర్చుకోవడం, సాయంత్రం ఈ వారం వేషం కట్టడం. తర్వాత టీవీలో ఒక ఆసుపత్రి సీరియల్లో చాలా ఏళ్లు పెద్ద నర్సుగా వేసింది. పైన అధికారులు మారి, కథలో ఆమెను మెట్ల మీద నుంచి పడేసి చంపేశారు. ఆ చావు గురించి ఎప్పుడు చెప్పినా ఆవిడ ముఖం ఎర్రబడేది. "నేను మెట్ల మీద జారే మనిషినా?" అని నన్ను అడిగేది. హోటల్లో దిగిన ఇంగ్లీషువాళ్లు లాబీలో ఆవిడను ఆపి నర్సు అని పిలిచి, మోకాలి నొప్పులు చెప్పుకునేవారు. ఆవిడ చిరునవ్వుతో విని, నా గదికి వచ్చి వాళ్లందరినీ తిట్టేది.

ఆవిడ మాటలు చెబుతుంటే నేను పుస్తకం చూస్తూ తప్పులు చెప్పాలి. నా ఇంగ్లీషు హోటల్లో నేర్చుకున్నది. కానీ చిన్నప్పుడు మదరసాలో దైవగ్రంథం కంఠతా పట్టినవాణ్ణి. అర్థం తెలియని భాషను రోజూ వింటూ నోటికి ఎక్కించుకోవడం నాకు అలవాటు. పది రోజులకు ఆవిడ పాఠం నా నోట్లో ఉంది. ఉందని బయటికి చెప్పాను చూడండి, అక్కడ నా కర్మ మొదలైంది.

ఆవిడ మరిచిపోయేది. ఇస్త్రీ బల్ల దగ్గర కాదు, వేదిక మీద. రెండో వారంలో ఒక రోజు టీ పోస్తూ ఆగిపోయి, కాసేపటికి గుక్కతిప్పుకోకుండా ఏదో పెద్ద మాట చెప్పేసింది. అది ఈ నాటకంలోది కాదు. నలభై ఏళ్ల కిందట, ఆ సముద్రం ఊళ్లో వేసిన ఇంకో నాటకంలోది. కొడుకు వేషం వేసినతను కప్పు పట్టుకుని నోరు తెరిచి కూర్చున్నాడు.

బృందం మేనేజరు కుర్రవాడు, ముప్పై దాటలేదు. ఆ రోజు ఆవిడ గది గుమ్మంలో నిలబడి చెప్పాడు. నేను లోపల అంచు కుడుతున్నాను, అన్నీ విన్నాను. ఇంకొక్కసారి ఇలా జరిగితే పనిమనిషి వేషం వేసే అమ్మాయి ఆవిడ వేషం కడుతుందన్నాడు. ఆ అమ్మాయికి పాఠం వచ్చు. ఆవిడను లండన్ విమానం ఎక్కిస్తారు. దుబాయ్ తర్వాత మస్కట్, దోహా ఆటల్లోనూ ఆవిడ ఉండదు. చెవిలో చిన్న యంత్రం పెట్టుకోమంటే ఒప్పుకోలేదు కాబట్టి, రేపటి నుంచి పక్కన తెర చాటున మాట అందించే ప్రాంప్టర్ ఉండాలన్నాడు.

అతను వెళ్లాక ఆవిడ అద్దంలో నన్ను చూస్తూ అంది. "ఇంగ్లండ్‌లో నన్ను పిలిచేవాళ్లు ఎవరూ లేరు డార్లింగ్. రెండేళ్లుగా ఈ నాటకానికి పిలిచిన ఫోను తప్ప ఏ ఫోనూ మోగలేదు. ఇక్కడి నుంచి పంపేస్తే అంతే." తెర చాటున నువ్వే ఉండాలంది.

నాకు చేతకాదన్నాను. అది నా పని కాదన్నాను. హోటల్ నడిపే ముదీర్ దగ్గరికి పోయి మొర పెట్టుకున్నాను. ఆయన ఫోను మీద చెయ్యి పెట్టి, "యల్లా, కానివ్వు, నాలుగు మాటలే కదా" అని పంపేశాడు.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. నమాజులో ముందు నిలబడి పఠించే ఇమాం మరిచిపోయి ఆగిపోతే, వెనక ఉన్నవాడు ఆ మాటను పైకి అందించాలి. దాన్ని లుక్మా అంటారు, ముద్ద అందించడం అన్నమాట. నేను చిన్నప్పటి నుంచి ఇమాం వెనక ఆ చోటులోనే నిలబడినవాణ్ణి. ప్రాంప్టర్ అంటే నాకు తెలిసిన పనే అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం తెర చాటున నిలబడ్డాను. అంతకు ముందెప్పుడూ ఆట జరుగుతుండగా ఆ చోటు నుంచి చూడలేదు. రెండో అంకంలో నేనెప్పుడూ గదిలో మూడో అంకం గౌనుకు ఇస్త్రీ చేస్తుండేవాణ్ణి. ఆ అంకంలో ఆవిడ భర్త పోయిన ఇల్లాలు. చనిపోయిన మనిషికి ఇంకో ఊళ్లో ఇంకో సంసారం ఉందని కొడుకు చెబుతాడు. ఆవిడ చేతిలో ఆ భర్త కోటు. తర్వాత ఆవిడ అనాల్సింది, "ఎవరైనా ఆ కిటికీ వేయండి, చలేస్తోంది."

కొడుకు చెప్పాడు. ఆవిడ నోరు విప్పలేదు. కోటు వంక చూస్తోంది. హాలంతా నిశ్శబ్దం. మరిచిపోయింది, ఇక లండన్ విమానమే అనుకున్నాను. పైకి అందించాను. ఎలా అందించాను? నమాజులో అందించినట్టే, వెనక వరుసలకు కూడా వినబడేలా, సాగదీసి, కడప గొంతుతో.

"క్లోజ్ ద విండో సంబడీ, ఇట్ ఈజ్ కోల్డ్."

మొదట ముందు బల్లల దగ్గర ఎవరో నవ్వారు. తర్వాత హాలంతా నవ్వింది. కోటు ఆవిడ చేతిలో నుంచి జారిపోయింది.

అది మరుపు కాదు. ఆ మౌనమే నాటకంలో ఆవిడ గొప్పతనమట. ఇంగ్లండ్ పేపర్లలో దాని గురించే రాశారట. ఇస్త్రీ బల్ల దగ్గర అప్పజెప్పేటప్పుడు మాటలు మాత్రమే చెప్పేది, మౌనాన్ని వదిలేసేది. అక్కడ ఆగాలని నాకు ఎవరు చెప్పారు? పుస్తకంలో రాసి లేదు. మేనేజరు చెప్పలేదు. అందరికీ తెలుసు కదా అనుకున్నారు. అందరికీ తెలిసిన సంగతి ఒక్కడికి చెప్పకపోవడం వల్ల జరిగే నష్టాలు నా ఉద్యోగంలో ఎన్ని చూశానో.

ఆట అయ్యాక నేనే మేనేజరు దగ్గరికి వెళ్లాను. ఎవరూ పిలవలేదు. చూసిన సాక్ష్యం దాచకూడదని నాకు నేర్పారు. మేడమ్ మరిచిపోలేదు, తొందరపడింది నేనేనని చెప్పాను. అతను నా భుజం తట్టి, "నువ్వు మంచివాడివి మాస్టర్, ఆవిడను కాపాడాలని చూస్తున్నావు" అన్నాడు. నేను ఒట్టు వేయను, కాని ఆ రోజు వేయాలనిపించింది. ఎంత చెప్పినా ఒక్కటే మాట. రేపు ఆఖరి అవకాశం. ఖలాస్.

ఆవిడ నాతో మాట్లాడలేదు. గౌను తీసి లాండ్రీలో పని చేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి చేత పంపించింది. చెప్పి పంపిన మాటల్లో డార్లింగ్ లేదు. ఆ మాట లేకపోతే కూడా చిరాకుగానే ఉంటుందని అప్పుడు తెలిసింది.

తెల్లవారి ఫజర్ నమాజు అయ్యాక చాచాకు అంతా చెప్పాను. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి మసలా, అంటే నమాజు నియమం, ఎత్తాడు.

"మసలా ఏం చెబుతాది? ఇమాం ఆగినాడని వెంటనే ఎగబడమంటాదా?"

"లేదు."

"మరి? ఊపిరి తీసుకుంటా ఉండాడేమో, గుర్తు చేసుకుంటా ఉండాడేమో. ఆయప్పకు సందు ఇయ్యాల కదా. నమాజులో ఓపిక పట్టేటోడివి, ఆడ ఏం తొందర వచ్చింది నీకు?"

"నాటకంలో మసలా ఏంది చాచా?"

"ఆగిపోయిన మనిషి ఆగిపోయిన మనిషే రా, యాడైనా."

ఇంకో మాట కూడా ఆయనే గుర్తు చేశాడు. ఇమాం నిజంగా దారి తప్పితే ముందు వాక్యాన్ని మళ్లీ అందుకుంటాడు. ఒకటికి రెండుసార్లు అదే చదువుతుంటే వెనకవాడికి తెలిసిపోతుంది, ఇప్పుడు అందించాలని.

మధ్యాహ్నం ఆవిడ గది తలుపు కొట్టి, గుమ్మంలోనే నిలబడి ఇదంతా నా ఇంగ్లీషులో చెప్పాను. మేడమ్, మీరు మాట్లాడకపోతే నేనూ మాట్లాడను. నిజంగా మరిచిపోతే మీ చివరి మాట రెండుసార్లు అనండి, అప్పుడు అందిస్తాను. 

"మీ ఇమాంను సీరియల్లో ఎవరైనా మెట్ల మీద నుంచి తోసేశారా?" అంది.

"లేదు మేడమ్."

"అదృష్టవంతుడు. సరే డార్లింగ్, అలాగే చేద్దాం."

ఆ సాయంత్రం మేనేజరు హాలు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పనిమనిషి వేషం అమ్మాయి పెదవులు ఆవిడ పాఠాన్ని నెమరువేస్తున్నాయి. మొదటి అంకంలో టీ దగ్గర ఆవిడ, "చక్కెర ఎక్కడ పెట్టావు?" అంది. తడుముకుని మళ్లీ, "చక్కెర ఎక్కడ పెట్టావు?" అంది. నేను ఈసారి గుసగుసగా అందించాను. అందుకుంది. హాల్లో ఒక్క తల కూడా తిరగలేదు. అల్‌హందులిల్లాహ్ అనుకున్నాను.

రెండో అంకం. కొడుకు చెప్పాడు. ఆవిడ కోటు పట్టుకుని ఆగింది.

నేను నాలుక కరుచుకుని నిలబడ్డాను. ఆవిడ ఆగే ఉంది. ముందు రోజు కంటే ఎక్కువసేపైంది. కొడుకు వేషం అతను ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మారాడు. హాలు చివర మేనేజరు చేతులు ఊపడం మొదలుపెట్టాడు, చెప్పు చెప్పు అని. నేను చూడనట్టు ఊరుకున్నాను. ఆవిడ ఏ మాటా రెండుసార్లు అనలేదు. ఒప్పందం ఒప్పందమే. మనసులో దరూద్ ప్రార్థన చదువుకుంటూ నిలబడ్డాను.

అప్పుడు ఆవిడ కోటును కుర్చీ మీద మెల్లగా పెట్టింది. వేదిక వెనక వైపుకు నడిచింది. కిటికీ దగ్గరికి వెళ్లి, ఎవరినీ వేయమనకుండా, తానే రెక్క పట్టుకుని లాగి మూసింది. చెక్కతోనూ గుడ్డతోనూ కట్టిన గోడ మొత్తం ఊగింది. ఆవిడ వీపు మాత్రమే హాలుకు కనబడుతోంది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అవి చాలాసేపు ఆగలేదు. కొడుకు వేషం అతను తెలివైనవాడు, వెంటనే తన తర్వాతి మాట అందుకున్నాడు. నాటకం నడిచిపోయింది.

ఆట అయ్యాక మేనేజరు ఆవిడ గదికి పరుగెత్తుకుంటూ వచ్చాడు. కళ్లలో నీళ్లున్నాయి. తన జీవితంలో అలాంటి నటన చూడలేదన్నాడు. ఇక నుంచి ఆ మాట తీసేసి, రోజూ అలాగే కిటికీ ఆవిడే వేయాలన్నాడు. ఆవిడ వింటూ ముఖం మీద రంగు తుడుచుకుంటోంది. అతను నోరు మూశాక నా వైపు తిరిగింది.

"ఎందుకు చెప్పలేదు నాకు?"

"ఏం మేడమ్?"

"మాట. నాకు ఏమీ గుర్తు లేదు. నేనెక్కడున్నానో కూడా తెలియలేదు. నా చివరి మాట ఏదో తెలిస్తే కదా రెండుసార్లు అనడానికి? నీకోసం చూస్తూనే ఉన్నాను. నువ్వు గోడలా నిలబడ్డావు. చివరికి, ఎలాగైనా బయటపడాలని కిటికీ దాకా నడిచాను."

నాకు ఒళ్లు మండింది. మాట్లాడవలసిన చోట నోరు మూసుకోమంటారు, మూసుకుంటే ఎందుకు మూసుకున్నావంటారు. కాని ఆవిడ రంగు తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడుస్తోంది. ఆ మాటలు ఆవిడ మేనేజరు ఎదుటే అంది. తనను విమానం ఎక్కిస్తానన్నవాడి ఎదుటే. ఎందుకు దాచలేదో నాకు ఇప్పటికీ తెలియదు. భయపడి అలసిపోయిన మనిషికి దాచే ఓపిక ఉండదేమో.

మేనేజరు పెద్దగా నవ్వాడు. పెద్ద నటులు ఇలాగే మాట్లాడతారని అన్నాడు. ఆవిడ నన్ను చూపించి, కావాలంటే అతన్ని అడుగు అంది. అడిగాడు. చూసింది చూసినట్టు చెప్పాలి కదా. మేడమ్ చెప్పింది నిజమే అయి ఉంటుంది సార్, మొదటి అంకంలో కూడా నేను ఒక మాట అందించాను అన్నాను.

"మాస్టర్," అన్నాడు అతను, ఓపిక తెచ్చుకుంటూ, "మరిచిపోలేదని నిన్న నువ్వే చెప్పావు. ఈ రోజు మరిచిపోయిందంటున్నావు. నీకు మౌనానికీ మరుపుకూ తేడా తెలియదు. నిన్ను అక్కడ నిలబెట్టడం నా తప్పు. రేపటి నుంచి ప్రాంప్టర్ అక్కర్లేదు."

రెండు రోజుల్లో రెండు నిజాలు చెప్పాను. రెండూ నమ్మలేదు. అబద్ధం చెప్పేవాళ్లకు ఇంత కష్టం ఉంటుందని నేననుకోను.

పోతూ పోతూ గుమ్మంలో ఆగి నాకు కొత్త పని అప్పగించాడు. కిటికీ లాగినప్పుడు గోడ ఊగుతోంది కాబట్టి, ఆ సమయానికి నేను వెనక నుంచి చట్రం గట్టిగా పట్టుకుని నిలబడాలట. టైలర్‌నని మళ్లీ చెప్పాను. వినలేదు.

మర్నాడు రెండో అంకంలో కిటికీ వెనక చీకట్లో చట్రం పట్టుకుని నిలబడ్డాను. మౌనం వచ్చింది. అడుగుల చప్పుడు నా వైపు వచ్చింది. ఆవిడ ముఖం కిటికీలో కనిపించింది, నాకు మూరెడు దూరంలో. హాలుకు ఆవిడ వీపు మాత్రమే ఉంది. రంగు కింద ఆవిడ ముఖం పాలిపోయి ఉంది. పెదవులు కదిలాయి.

"తర్వాత ఏంటి?"

చెప్పాను. గుసగుసగా, సాగదీయకుండా, ఒక్కసారే. ఆవిడ తల ఊపి, రెక్క మూసి, హాలు వైపు తిరిగింది.

దుబాయ్ ఆటలు అయ్యేదాకా రోజూ అలాగే జరిగింది. మస్కట్‌కూ దోహాకూ ఆవిడే వెళ్లింది. అక్కడ కిటికీ వెనక ఎవరైనా నిలబడ్డారో లేదో నాకు తెలియదు. మేనేజరు మాత్రం ఒక రోజు లిఫ్టు దగ్గర నన్ను ఆపి, నువ్వు తెర చాటు నుంచి పోయాక మేడమ్‌కు ఒక్క మాట కూడా తప్పడం లేదు, చూశావా అన్నాడు.

చూశాను సార్ అన్నాను.